కాగితం మీద నడిచే కార్లు

రోడ్డుకు రెండు పక్కలా పసుపుపచ్చ పూల చేలు, వాటిని ముక్కలు ముక్కలుగా కోస్తూ తెల్లపూల కంచెలు. మే నెలలో వార్విక్‌షైర్ పల్లెలు ఇలా ఉంటాయి. మా మేనల్లుడికి ఇవేవీ పట్టవు. స్టీరింగ్ పట్టుకున్నది మొదలు బోరు, స్ట్రోకు, రిమ్ము వెడల్పు తప్ప ఇంకో మాట లేదు. కోవెంట్రీలో ఇంజినీరు ఉద్యోగం, శనాదివారాలు మాత్రం 1965 నాటి మినీ కూపర్ ఎస్‌తోనే కాపురం. దాన్ని పాతకార్ల రేసుల్లో దింపాలని వాడి కోరిక. అందుకు కారొక్కటీ ఉంటే చాలదు, కాగితాలు కావాలి. వాడి కాగితాల వేటకు తోడుగా బయల్దేరి, అది ముగిశాక కూడా ఆగలేక, నేను ఆల్ప్స్ కొండల అవతలి దాకా పోయాను.

సంగతేమిటంటే, జనం కొనుక్కునే కార్లకని పెట్టిన తరగతిలో పోటీ చేయాలంటే ఆ మోడల్‌ను తగినన్ని తయారుచేశామని కంపెనీ చూపించుకోవాలి. ఇంజిన్ కొలతలు, వాల్వుల సైజు, గేర్ల నిష్పత్తులు, బ్రేకులు, బరువు, అన్నీ ఒక ఫారంలో నింపి, ఫొటోలు అంటించి, తన దేశపు మోటారు క్లబ్బు ద్వారా అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌ఐఏకి పంపాలి. అక్కడ ముద్ర పడితే కారు హోమోలోగేట్ అయినట్టు. ఫారంలో లేనిది ఎంత గొప్ప సామానైనా బిగించకూడదు. ఈ నియమాలు ఉండే పుస్తకం అపెండిక్స్ జె. 1966 నుంచి గ్రూప్ 1కి 5,000 కార్లు, గ్రూప్ 2కి 1,000 చూపించమనేది అది.

అరవై ఏళ్ల కిందటి ఆ ఫారాలకు ఇప్పుడు రెండో జన్మ వచ్చింది. పాత కారు అంతర్జాతీయ పోటీల్లో దిగాలంటే దానికి ఎఫ్‌ఐఏ పాస్‌పోర్టు ఉండాలి, పదేళ్లు చెల్లుతుంది. కారు తన కాలంలో ఎలా ఉండేదో అలాగే ఉందా అన్నది అందులో ప్రశ్న. ఇది అపెండిక్స్ కె వ్యవహారం. కాలాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్కకు ఒక్కో అక్షరం ఇచ్చారు. 1962 నుంచి 1965 చివరిదాకా ఎఫ్. మావాడి కారు అందులో పడుతుంది. అంటే 1966 నుంచి ఫారంలోకి ఎక్కినవేవీ వాడికి పనికిరావు.

గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఒక పాత వైమానిక దళ మైదానం మీద ఉంది. అక్కడి రికార్డుల విభాగంలో పాత కంపెనీల ఉత్పత్తి లెడ్జర్లు దాచారు. ఛాసీ నంబరు చెబితే కారు ఏనాడు తయారైందో, ఏ రంగో, ఏ ఇంజిన్ నంబరో, ఏ డీలరుకు పోయిందో చూసి సర్టిఫికెట్ ఇస్తారు. అక్కడి ఉద్యోగిని పేజీని కొసపట్టి లాగలేదు. అరచేయి కిందికి పోనిచ్చి, ఎత్తి, అవతలికి పడుకోబెట్టింది. వరసలన్నీ చేతిరాత. ఒకచోట ఉన్నట్టుండి అక్షరం వాలు మారింది. గుమాస్తా సెలవు పెట్టాడో, బదిలీ అయ్యాడో! మేం ఏం అడిగినా ముందు "సారీ" అంటుంది, తర్వాత అడిగినదానికన్నా ఎక్కువే చెబుతుంది. మన ఆఫీసుల్లో ఈ పద్ధతి తిరగబడి ఉంటుందని మనసులో అనుకున్నాను.

ఆ లెడ్జరు ఒక కారు పుట్టుకను చెబుతుంది. హోమోలోగేషన్ ఫారం ఆ మోడల్‌కు ఏవేవి తగిలించవచ్చో చెబుతుంది. ఒకదాంతో ఇంకోదాని పని జరగదు. మావాడు కొన్నప్పుడు అమ్మినాయన "అన్ని పేపర్లూ ఉన్నాయి" అన్నాడట. ఉన్నవి మన సి-బుక్కు లాంటి రిజిస్ట్రేషను కాగితం, నాలుగు రిపేరు బిల్లులు.

కింద హాల్లో 33 ఇజెబి నంబరు మినీ ఉంది. ఎర్రటి ఒళ్లు, తెల్లటి టాపు, తలుపు మీద 37 అంకె. 1964 జనవరిలో ప్యాడీ హాప్‌కిర్క్, హెన్రీ లిడన్ దీన్ని మిన్స్క్ మంచులోంచి నడుపుకొచ్చి మాంటె కార్లో ర్యాలీ గెలిచారు. ఫోటోల్లో కనిపించేదానికన్నా ఎంతో చిన్నది. పక్కన నిలబడితే దాని టాపు నా ఛాతీ దాకా వస్తుందేమో. 1959లో అలెక్ ఇసిగోనిస్ నలుగురు మనుషులు సంతకు పోయిరావడానికని గీసిన బండి ఇది. రేసుకు పనికొస్తుందన్న ఊహ ఆయనకు లేదు, రేసుకార్లు కట్టే జాన్ కూపర్‌కు వచ్చింది.

కూపర్ ఎస్ ఇంజిన్లు మూడు రకాలు: 970, 1071, 1275 సీసీ. మూడింటికీ బోరు ఒకటే, 70.6 మిల్లీమీటర్లు. స్ట్రోకు మాత్రం 61.91, 68.26, 81.33. ఇలా ఎందుకు చేశారంటే రేసుల్లో తరగతులు 1000, 1100, 1300 సీసీ దగ్గర తెగుతాయి కాబట్టి. జనానికి మూడు రకాల ఇంజిన్లు అక్కర్లేదు, రేసు ఫారానికి కావాలి. 970 రకాన్ని జనం పెద్దగా కొనలేదు. గ్రూప్ 2కి వెయ్యి కావాలని రూలు, తయారైనవి 963 అని లెక్క చెబుతుంది. మరి ఆ 37 కార్లు ఎక్కడ? ఈ ప్రశ్న అప్పటికి సరదాగా అడిగాను. ముందుకు పోయేకొద్దీ ఇది చాలా చిన్న తేడా అని తెలిసొచ్చింది.

దక్షిణంగా దిగితే బైసెస్టర్. ఇదీ యుద్ధకాలపు విమానాశ్రయమే. బాంబరు పైలట్లకు శిక్షణ ఇచ్చిన ఎర్ర ఇటుక షెడ్లలో ఇప్పుడు పాతకార్ల బాగుచేత జరుగుతోంది. బ్రిటన్ మోటారు క్రీడల సంస్థ ఆఫీసు కూడా ఇక్కడికే వచ్చింది. సిల్వర్‌స్టోన్‌తో సహా ఈ దేశపు రేసు ట్రాకుల్లో చాలాభాగం ఇలా ఖాళీ అయిన రన్‌వేల మీదే పుట్టాయి. నాకు షోలవరం గుర్తొచ్చింది. నెల్లూరు నుంచి మద్రాసు పోయే దారిలో, ఊరింకా రాకముందే తగిలే పాత ఎయిర్‌స్ట్రిప్. చిన్నప్పుడు మా పెదనాన్న లారీ క్యాబిన్లో కూర్చుని వెళ్లి అక్కడి రేసులు చూశాను. ఫియట్‌కు ఏదో ఇంజిన్ ఎక్కించేవాళ్లు, హెరాల్డ్ టాపు కోసేసేవాళ్లు. ఆ హెరాల్డ్ పుట్టిల్లు మావాడు ఉంటున్న కోవెంట్రీయే. ఎవరి షెడ్డులో వాళ్లు కట్టుకున్న ఆ బళ్ల గురించి ఎవరైనా ఎక్కడైనా రాసి ఉంచారో లేదో. అవి ఇవాళ రేసులో దిగుతామంటే చూపించడానికి ఏముంటుంది? ఒకరిద్దరి జ్ఞాపకం, అంచులు మాసిన ఫోటో.

బైసెస్టర్ షెడ్డులో లోటస్ ఇంజిన్ విప్పుకుని కూర్చున్న పెద్దాయన ఒకాయన మా చేతిలో ఉన్న ఫారం నకలు చూశాడు. చేతులు గుడ్డతో తుడుచుకుని గానీ కాగితం ముట్టుకోలేదు. మావాడు మొదటి పేజీలోని ఇంజిన్ కొలతలు చూపించబోతే, "అది అందరూ చదువుతారు. చివరి పేజీ నుంచి వెనక్కి చదువు" అన్నాడు. చివర ఉండేవి సవరణలు. కంపెనీ తర్వాత్తర్వాత చేర్చిన కొత్త గేర్లు, కార్బురేటర్లు, చక్రాలు, ఒక్కోదాని పక్కన అది ఏనాటి నుంచి చెల్లుతుందో తేదీ. ఆ తేదీల్లోనే మావాడి గుండె జారింది. పాత యజమాని ఆరంగుళాల వెడల్పు రిమ్ములు వేసి, అవి పట్టడానికి మడ్‌గార్డులు కోయించాడు. మావాడి కాలానికి చెల్లేవి నాలుగున్నర అంగుళాలవి. ఖర్చు రిమ్ములతో పోదు, కోసిన రేకు మళ్లీ అతకాలి. పెద్దాయన ఓదార్చలేదు. టీ పెట్టించి, రేకుపని బాగా చేసే ఇద్దరి పేర్లు చెప్పాడు.

అక్కణ్ణుంచి అబింగ్డన్. థేమ్స్ ఒడ్డున నెమ్మదైన ఊరు. పదిహేడో శతాబ్దపు కౌంటీ హాలు ఊరి నడుమ ఎత్తుగా నిలబడి ఉంటుంది. రాజకుటుంబంలో పెళ్లో, పట్టాభిషేకమో జరిగితే ఊరి పెద్దలు ఆ మిద్దె మీదికెక్కి కిందున్న జనం మీదికి బన్నులు విసురుతారట. ఆ హాల్లోని మ్యూజియంలో ఇక్కడి ఎంజీ ఫ్యాక్టరీ నుంచి చివరగా వచ్చిన ఎంజీబీ కారు ఉంది. 1980లో ఫ్యాక్టరీ మూతపడింది. మాంటె కార్లోకు వెళ్లిన ఎర్ర మినీలు ఆ ఫ్యాక్టరీ ఆవరణలోనే తయారయ్యాయి, అప్పటి ర్యాలీ జట్టు మేనేజరు స్టువర్ట్ టర్నర్ చేతికింద.

1966లో జరిగింది ఇక్కడివాళ్లు ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ ఏడు కొత్త అపెండిక్స్ జె వచ్చింది. 5,000 కార్లు తయారుచేశామని చూపి, మినీ తయారుచేసే బీఎంసీ కంపెనీ దాన్ని గ్రూప్ 1లో నమోదు చేయించింది. మాంటె కార్లోలో మినీలు నడిపిన మాకినెన్, ఆల్టొనెన్, హాప్‌కిర్క్ ముగ్గురూ వరసగా మొదటి మూడు స్థానాల్లో వచ్చారు. ఆ తర్వాత తనిఖీవాళ్లు కార్లను గంటల తరబడి విప్పారు. ఇంజిన్లో ఏమీ దొరకలేదు. చివరికి హెడ్‌లైట్ల దగ్గర ఆగారు. మామూలు బల్బులో రెండు ఫిలమెంట్లుంటాయి, డిమ్ కొడితే రెండోది వెలుగుతుంది. ర్యాలీ కార్లకు ఒకే ఫిలమెంటు ఉన్న క్వార్ట్జ్ అయోడిన్ బల్బులు పెట్టారు. డిమ్ కొడితే హెడ్‌లైటు ఆరి ఫాగ్ ల్యాంపులు వెలుగుతాయి. ఇది నిబంధనకు విరుద్ధమన్నారు. మూడు మినీలూ, నాలుగో స్థానంలో ఉన్న లోటస్ కార్టీనా కూడా పోటీనుంచి అవుట్. బహుమతి సిట్రోయెన్‌లో వచ్చిన తొయివొనెన్‌కు ఇచ్చారు. మర్నాటి పత్రికల్లో గెలిచినవాడి కంటే ఓడించబడిన మినీకే ఎక్కువ చోటు దొరికింది. మరుసటి ఏడు ఆల్టొనెన్ మళ్లీ గెలిచి లెక్క సరిచేశాడు.

ఆ ఫారాల మీద ముద్ర వేసే చోటు చూద్దామని పారిస్ పోతే, అక్కడ మావాడు చిన్నబుచ్చుకున్నాడు. ప్లాస్ ద లా కాంకోర్డ్‌లో, లక్సర్ నుంచి తెచ్చి 1836లో నిలబెట్టిన ఈజిప్టు స్తంభానికి ఎదురుగా, పద్దెనిమిదో శతాబ్దపు స్తంభాల వరస వెనక ఉంది ఎఫ్‌ఐఏ కార్యాలయం. పక్కనే 1895లో మొదలైన ఫ్రెంచి ఆటోమొబైల్ క్లబ్బు. ఇదే మైదానంలో 1793లో పదహారో లూయీ తల తెగింది. ఇన్ని జరిగిన చోట రేసుకార్ల ఆనవాలు ఒక్కటీ లేదు. బరువైన తలుపు, చిన్న పలక, అంతే. మావాడు ఏదో దేవాలయం ఊహించుకున్నట్టున్నాడు. పాత ఫారాల్లో చాలావాటిని ఎఫ్‌ఐఏ ఇప్పటికే స్కాన్ చేసి తన హిస్టారిక్ డేటాబేస్‌లో పెట్టింది. చూడాల్సింది వాడి లాప్‌టాప్‌లోనే ఉంది. పక్క సందులో ఉల్లిపాయల సూపు తాగుతూ, మీద తేలిన బ్రెడ్డును చీజు తీగలతో సహా లాగుతూ చూశాం.

1962 ఫెరారీ 250 జీటీఓ కథ ఇక్కడే చెప్పుకోవాలి. పేరు చివరి ఓ అక్షరమే హోమోలోగేషన్‌ది. జీటీ తరగతికి పన్నెండు నెలల్లో వంద కార్లు కావాలి. ఫెరారీ ఇది కొత్త కారు కాదు, అంతకుముందున్న 250 జీటీకి కొత్త బాడీ వేసిన రకమని వాదించింది. ఎఫ్‌ఐఏ ఒప్పుకుంది. జీటీఓలు మొత్తం తయారైనవి 36. రెండేళ్ల తర్వాత 250 ఎల్ఎం అనే కారుకు కూడా అదే వాదన వినిపిస్తే ఈసారి ఒప్పుకోలేదు, ఎంజో ఫెరారీ అలిగి ఇటలీ లైసెన్సు వెనక్కి ఇచ్చేసి, తన కార్లను అమెరికా, మెక్సికో రేసుల్లో ఎరుపు మాని తెలుపు నీలం రంగుల్లో దింపాడు. ఇప్పుడా జీటీఓ వేలంలో అమ్ముడైతే కోట్ల డాలర్ల లెక్క. 2018లో ఒకటి 4 కోట్ల 84 లక్షల డాలర్లకు పోయింది.

నేను కరణాల కాలం చూసినవాణ్ని. అడంగల్లో వేరుశనగ అని రాసి ఉంటే, గట్టు మీద నిలబడి వరి కంకులు చూపించినా తహసీల్దారు దగ్గర అది వేరుశనగే. జీటీఓ ఫారం కూడా ఆనాడు అలాగే నడిచింది. ఇక్కడ నాకు విచిత్రంగా తోచింది ఇంకొకటి. 1962లో కంపెనీ వాదించి రాయించుకున్న అదే ఫారం ఇవాళ ఆ కారుకు శాసనం. జీటీఓ కొన్నవాడు ఎంత కుబేరుడైనా ఫారంలో ఉన్నదానికి భిన్నంగా ఒక్క గేరు మార్చి రేసుకు రాలేడు. "మరి నా రిమ్ముల సంగతేంటి మావయ్యా, అవి నిజంగా అప్పటి రిమ్ములే" అన్నాడు మావాడు. నిజమే, అప్పటివే. వాడి కాలపు పేజీలోకి ఎక్కలేదు, అంతే.

స్టుట్‌గార్ట్‌లో ఎండగా ఉంది. కొండల మీద ద్రాక్షతోటలు ఊళ్లోకి దిగివస్తాయి. మధ్యాహ్నం ఒక పాత హోటల్లో పొడుగు బల్ల దగ్గర కూర్చున్నాం. అక్కడ ఖాళీ కుర్చీ కనిపిస్తే అపరిచితులైనా అడిగి పక్కనే కూర్చుంటారు, మన మెస్సుల్లోలాగే. కాకపోతే మనం అడగం. అలా వచ్చి కూర్చున్న రిటైరు పెద్దాయన మా పళ్లెంలోని మౌల్‌టాషెన్ గురించి చెప్పాడు. పిండి రేకులో మాంసం, పాలకూర పెట్టి మడిచి ఉడికిస్తారు. ఉపవాసాల రోజుల్లో మఠంలో సాధువులు మాంసాన్ని ఇలా మూసి తినేవారట, దేవుడికి కనబడకుండా. స్థానిక మాటలో దీనికి దేవుణ్ని బురిడీ కొట్టించేదన్న అర్థం వచ్చే పేరే ఉంది. ఆ వంట తిని పోర్షే మ్యూజియానికి పోవడంలో ఒక అందం ఉంది.

1969లో 25 కార్లు చూపిస్తే అయిదు లీటర్ల దాకా ఇంజినుతో స్పోర్ట్స్‌కార్ల తరగతిలో దిగవచ్చన్నారు. అంతకుముందు 50 కావాలి. ఆ సంఖ్య తగ్గించినవాళ్లు పెద్ద కంపెనీ ఏదీ 25 అసలు రేసుకార్లు చేసే సాహసానికి దిగదనుకున్నారు. పోర్షే తరఫున ఫెర్డినాండ్ పియెష్ దిగాడు, 917 అనే కారుతో. హాన్స్ మెజ్గర్ గీసిన పన్నెండు సిలిండర్ల గాలి చల్లార్చే ఇంజిన్, చాలా తేలికైన అల్యూమినియం చట్రం. మార్చిలో తనిఖీవాళ్లు వస్తే మూడు కార్లు పూర్తయ్యాయి, పద్దెనిమిది బిగింపులో ఉన్నాయి, ఏడింటికి సరిపడా విడిభాగాలున్నాయి. ఇవి కార్లు కావన్నారు. ఏప్రిల్ మూడో వారానికల్లా ఫ్యాక్టరీ ఆవరణలో 25 తెల్ల కార్లు వరసగా నిలబడ్డాయి. ఆఫీసు గుమాస్తాల దాకా అందరి చేతా బిగింపు పని చేయించారని, వాటిలో చాలావరకు ఆవరణ దాటేంత కూడా నడిచేవి కావని చెప్పుకుంటారు. ఏదైనా ఎక్కి నడిపి చూసుకోండని పియెష్ అన్నాడట. వచ్చినవాళ్లు వద్దన్నారు. తలుపులు లెక్కపెట్టి పోయారు.

వాళ్లను చూసి నవ్వాలనిపించదు నాకు. కొలతలకు పోయిన సర్వేయరు పరిస్థితి నాకు తెలుసు. 25 ఉన్నాయా అన్నది వాళ్ల ప్రశ్న, ఉన్నాయి. నడుస్తాయా అని కాగితం అడగలేదు. మరుసటి ఏడు హెర్మాన్, అట్‌వుడ్ 917లో లెమాన్స్ రేసు గెలిచి పోర్షేకు అక్కడ మొదటి పూర్తి విజయం తెచ్చారు. ఆ వరసలో మొట్టమొదటి కారును కంపెనీ 2019లో తిరిగి 1969 నాటి తెలుపు ఆకుపచ్చ రంగుల్లోకి తెచ్చింది. దాని ముందు వంగి చట్రం గొట్టాలు చూస్తూ మావాడు చాలాసేపు కదల్లేదు. నన్ను ఆకట్టుకున్నది డ్రైవరు పాదాలుండే చోటు. ముందు చక్రాల ఇరుసుకంటే ముందుకు పొడుచుకొచ్చి ఉంది. గుద్దుకుంటే ముందు పోయేవి కాళ్లే.

రైలు కొండలు దాటి టురిన్ చేర్చింది. ప్రతి వీధి చివరా మంచు కొండ, వీధి పొడుగునా వసారాలు. వాన వచ్చినా గొడుగు విప్పకుండా ఊరంతా తిరగొచ్చు. కాఫీ, చాక్లెట్, మీగడ పొరలు పొరలుగా పోసిన బిచెరిన్ గ్లాసును చెంచాతో కలపబోతే పక్క బల్ల ముసలామె చెయ్యెత్తి ఆపింది. కలపకుండా తాగాలట. తాగేదాకా చూసి, తల ఊపి, మళ్లీ తన పేపరులో పడింది.

ఫియట్‌వాళ్ల మిరాఫియోరి ఫ్యాక్టరీలోని ఒక పాత విభాగాన్ని ఇప్పుడు హెరిటేజ్ హబ్ చేశారు. వందలాది కార్లు, లాన్సియా ర్యాలీ కార్లకే ఒక లోకం. 1982 నాటి గ్రూప్ బికి 200 కార్లు కావాలి. లాన్సియా 037 లెక్కపెట్టడానికి వచ్చినవాళ్లకు ఒక మైదానంలో సగం చూపించి, మిగతావి ఇంకోచోట ఉన్నాయని చెప్పి, దారిలో సుదీర్ఘంగా భోజనం పెట్టించి, ఈలోగా అవే కార్లను అక్కడికి తోలారని కథ. గైడు ఈ కథను అభినయంతో సహా చెప్పాడు. భోజనంలో ఏమేం వడ్డించి ఉంటారో కూడా చెప్పాడు. నిజమేనా అంటే భుజాలెగరేశాడు. 1983లో ఆ కారు ఆడీ క్వాట్రోను దాటి కంపెనీల టైటిల్ గెలిచిన మాట మాత్రం రికార్డులో ఉంది. వెనక చక్రాలతో నడిచే కారు ఆ టైటిల్ గెలవడం అదే ఆఖరు.

మావాడికి ఇది నచ్చలేదు. నేను మడ్‌గార్డులు అతికించుకోవాలి, వీళ్లు భోజనం పెట్టి తప్పించుకున్నారు అని వాడి బాధ. మినీ బల్బుకు పోయింది, లాన్సియా లంచ్‌తో నిలిచింది అన్నాడు. నేనేమీ సమర్థించలేదు. పాస్‌పోర్టు కూడా కారు వంశానికి హామీ ఇవ్వదు, ఆ కాలపు కొలతలకు సరిపోయిందని మాత్రమే అంటుంది. అయినా వాడు రేకుపని ఆయనకు అక్కణ్ణుంచే ఫోన్ చేశాడు. మొత్తం అయ్యేసరికి డిసెంబరు అన్నాడట.

గైడు నన్ను ఏ ఊరని అడిగాడు. ఫోన్లో మా నాన్న ప్రీమియర్ పద్మిని ఫోటో చూపించాను. ముందు ఫియట్ 1100 అన్నాడు, తర్వాత గ్రిల్లు చూసి ఆగాడు. రష్యాలో లాడా అయిన 124 సంగతి ఆయనకు బాగా తెలుసుగానీ ఈ కారు సంగతి సగమే తెలుసు. బొంబాయి కుర్లాలో తయారయ్యేదని, 2000 ప్రాంతం దాకా వచ్చిందని, టాక్సీలుగా మొన్నమొన్నటి వరకూ తిరిగిందని చెప్పాను. జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి, కుర్లా స్పెల్లింగు నా చేత చెప్పించుకుని రాసుకున్నాడు. దాని కింద 2000 అని వేశాడు. "ప్రాంతం" అని నేను రెండోసారి అన్నాను. బుర్ర ఊపి, 2000 కింద గట్టిగా ఒక గీత కొట్టి పుస్తకం మూశాడు.

మావాడు నవ్వాపుకోలేకపోయాడు. "ఇంక మార్చడానికి లేదు మావయ్యా, ఫారంలోకి ఎక్కిపోయింది."